మరుభూమిలో ఇరువురు

మన ఆలంకారికులు కావ్యమునకు పదునెనిమిది వర్ణనలను నియమించిరి. వానిలో నగరము కలదు, సముద్రము కలదు, శైలము కలదు. ఋతువులు, సూర్యచంద్రోదయములు, ఉద్యాన విహారము, జలక్రీడ అన్నియు కలవు. మరుభూమి మాత్రము లేదు. మన ప్రబంధకవులును ఆ త్రోవనే నడచి ప్రేయసీప్రియులను పూదోటలకును, కొలనులకును తీసికొనిపోయిరే గాని, ఇసుకనేలకు పంపలేదు. ఎడారి వారికి ఉపమానముగా మాత్రమే పనికివచ్చినది. భ్రాంతిని చెప్పవలసి వచ్చినప్పుడు ఎండమావిని తలచుకొనుటతో దానితోడి పని తీరినది. తమిళుల సంగ సాహిత్యము ఇంకొక అడుగు ముందుకు వేసి, ఐదు తిణైలలో ఒకటియైన పాలైని, అనగా ఎండకు మాడి బీడువడిన నేలను, ప్రేమికుల ఎడబాటునకే కేటాయించినది.

ఇట్టి సాహిత్యపు నీడలో పెరిగిన మనకు, ఆలుమగలు ఇరువురును కోరి ఎడారికి విహారయాత్ర పోవుచున్నారని వినినప్పుడు వింతగా తోచుట సహజము. "నీళ్ళు లేని చోటికి వేడుకకు పోవుట యేమి?" అని యింటి పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. నీరు లేని చోట, నీడ లేని చోట, చూచుటకు ఇసుక తప్ప మరేమియు లేని చోట ఒక జంటకు ఏమి దొరకును? ఆ యాత్రను ఎట్లు ఏర్పరచుకొన్నచో అది దొరకును? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము మన దేశములోనే, థార్ ఎడారి ప్రేమకథలలోనే యున్నది.

థార్ ఎడారి భారత పాకిస్తాన దేశములలో సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. అందు అధికభాగము మన రాజస్థానములోనిది. దాని పడమటి దెసను 1156వ సంవత్సరమున రావల్ జైసల్ అను భాటీ రాజపుత్రుడు త్రికూటమను గుట్టపై పసుపువన్నె రాతితో కోట కట్టించెను. అదియే జైసల్మేరు. అచట ఏడాదికి కురియు వాన సగటున 200 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. మన కోస్తా జిల్లాలలో ఒక పెద్ద తుపాను రెండు దినములలో కురిపింపగల వాన అది. ఐనను థార్ నిర్జనమైన నేల కాదు. లోకములోని ఎడారులలో జనసాంద్రత మిక్కిలి హెచ్చుగా గలవానిలో ఇది యొకటి. ఆ కొద్దిపాటి నీటితోనే అచటివారు పంటలు పండించిరి, కోటలు కట్టిరి, పాటలు పాడిరి, ప్రేమించిరి.

జైసల్మేరునకు పూర్వము భాటీ రాజుల రాజధాని లోద్రవ. అది నేటి జైసల్మేరునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. అచట కాక్ అను ఏటి యొడ్డున మూమల్ అను రాకుమారి మేడ యుండెనట. అమరకోటకు చెందిన మహేంద్రుడను సోఢా రాజపుత్రుడు ఆమెను వలచెను. ప్రతి రాత్రియు వడిగల ఒంటె నెక్కి లోద్రవకు వచ్చి, తెల్లవారకముందే అమరకోటకు మరలిపోవుచుండెను. అక్బరు పాదుషా 1542లో జన్మించిన ఊరు ఈ అమరకోటయే. నేడది పాకిస్తానపు సింధు రాష్ట్రములో నున్నది. రెండు ఊళ్ళకును నడుమ నేరుగా కొలిచినను సుమారు 200 కిలోమీటర్లుండును. ఒక్క రాత్రిలో అంత దూరము పోయివచ్చు ఒంటె యెక్కడిదని భూగోళోపాధ్యాయులు అడుగవచ్చును. జానపద కథ కొలబద్ద పట్టుకొని నడువదు గదా!

మహేంద్రుని యింట నున్న భార్యలు సంగతి తెలిసికొని ఆ ఒంటెను కుంటిదానిని చేయించిరి. ఆ రాత్రి అతడు వేరొక ఒంటెపై బయలుదేరి, త్రోవ తప్పి, చాల ప్రొద్దుపోయిన పిమ్మట లోద్రవ చేరెను. ఆనాడే మూమల్ చెల్లెలు సూమల్ వేడుకకై మగవేషము వేసికొని, అక్కతో కబురులాడుచు ఆమె ప్రక్కనే నిద్రపోయినది. మహేంద్రుడు ఆ దృశ్యమును చూచి, పరపురుషుడని తలచి, చేతికఱ్ఱను అచటనే విడిచి, నోరు మెదపకయే మరలిపోయెను. తెల్లవారి ఆ కఱ్ఱను చూచినప్పుడు గాని అతడు వచ్చి వెళ్ళెనని మూమల్‌నకు తెలియలేదు. ఆమె తరువాత ఎంత చెప్పజూచినను అతడు వినలేదు. నిజము తెలియు సరికి కాలము మించిపోయినది. ముగింపును ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా చెప్పుదురు. సింధీ మహాకవి షా అబ్దుల్ లతీఫ్ కూడ ఈ గాథను తన కావ్యములో గానము చేసెను. ఎవరు ఎట్లు చెప్పినను తుదకు కలిగినది మరణమే.

ఈ కథను కొంచెము నిలిచి పరికింపవలెను. ఇంత దారుణమైన ఎడారిలో ఈ ప్రేమికులను చంపినది ఎండ కాదు, దాహమును కాదు. జరిగిన కీడు మూడు విధములు. వేళ మించినది. త్రోవ తప్పినది. అడుగవలసిన మాట అడుగక పోయినది. మొదటి రెండును మన్నింపదగినవే. మూడవదియే ప్రాణములు తీసినది.

దీనికి ఎదురుగా ఢోలా మారూల కథను నిలుపవచ్చును. నర్వరు రాకుమారుడు ఢోలా, పూగల్ రాకుమారి మారు పసితనముననే వివాహితులై, వేర్వేరు చోట్ల పెరిగిరి. అతడు ఆ పెండ్లిని మరచి వేరొకతెను చేసికొనెను. మారు పంపిన కబురులను ఆ సవతి అందనీయకుండెను. తుదకు గాయకులు కొందరు ఆ కబురును పాటగా పాడి అతని చెవిని వేసిరి. అతడు ఒంటె నెక్కి వచ్చి భార్యను కొనిపోయెను. త్రోవలో ఆపదలు ఎదురైనను కథ సుఖాంతమైనది. రాజస్థానపు చిత్తరువులలో ఒకే ఒంటెపై సాగిపోవు జంటను చూచినచో, వారు తరచుగా ఈ ఢోలా మారూలే. మాట చేరని కథ విషాదమైనది. మాట చేరిన కథ మంగళమైనది. ఎడారికి పోదలచిన దంపతులు ఈ రెండు కథలనే మార్గదర్శులుగా గైకొని, కాలము, త్రోవ, మాట అను మూడింటిని సరిచూచుకొనవలెను.

మొదట కాలము. ఉపాధ్యాయులకు దీర్ఘమైన సెలవులు వేసవిలోనే వచ్చును. ఆ కారణమున వేసవిలో థార్‌నకు పోదమనుకొనుట ప్రమాదము. జోధపురము నుండి జైసల్మేరు పోవు దారిలోని ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీల సెల్సియస్ ఉష్ణము నమోదైనది. దసరా నాటికి కూడ పగటి యెండ తీక్షణముగనే యుండును. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు తగిన కాలము. మన సంక్రాంతి సెలవులు దానిలోనే పడుట ఉపాధ్యాయ దంపతుల భాగ్యము. అచట జనవరిలో సూర్యోదయము ఏడున్నర గంటల ప్రాంతమున నగును గనుక, మన యలవాటు చొప్పున ఆరు గంటలకే ప్రొద్దుపొడుపు చూడబోయినచో చీకటిలో వణకుచు నిలువవలసివచ్చును. వణకుట యనునది వట్టి మాట కాదు. పొడి యిసుక పగలు త్వరగా వేడెక్కి రాత్రి త్వరగా చల్లారును. ఆకాశమున మబ్బు లేనందున నేలలోని వేడి నిరాటంకముగా పైకి పోవును. పగలు పలుచని నూలుబట్ట చాలిన చోటనే రాత్రి ఉన్ని శాలువలును, కంబళ్ళును కావలెను.

కాలమనగా నెల మాత్రమే కాదు, తిథియును. పున్నమినాడు సూర్యుడు క్రుంకు వేళకే చంద్రుడు పొడుచును. ఇసుకతిన్నె కొననెక్కి కూర్చున్నవారికి పడమట ఎఱ్ఱని బింబము దిగుటయు, వెనుదిరిగి చూచినచో తూర్పున వెన్నెల లేచుటయు ఒక్క సాయంకాలముననే కనులబడును. పున్నమి గడచిన కొలది చంద్రోదయము దినమునకు ఇంచుమించు 50 నిమిషములు వెనుకబడుచుండును. వెన్నెల వలదు, నక్షత్రములే కావలెనను జంట అమావాస్య దినములలో పోవలెను. పట్టణపు దీపముల వెలుగులో ఎన్నడును కానరాని పాలపుంత శీతకాలమందును అచట సన్నగా కనబడును. కావున టిక్కెట్టు కొనుటకు ముందు పంచాంగము తెరచుట మంచిది. మాఘమాసమున పూర్ణిమతో ముగియునట్లు మూడు దినములు జైసల్మేరులో ఎడారి ఉత్సవము జరుగును. అందలి అందాల పోటీలో గెలిచిన యువతికి నేటికిని మూమల్ పేరుతోనే బిరుదు నిత్తురు. కోలాహలము కోరువారు అప్పుడు పోవచ్చును. ఏకాంతము కోరువారు మార్గశిర పుష్య మాసముల పున్నములను ఎన్నుకొనవలెను.

ఇక త్రోవ. తెలుగునాటి నుండి జోధపురము చేరి, అచట నుండి సుమారు 300 కిలోమీటర్లు రైలులోనే పోయి జైసల్మేరులో దిగవచ్చును. రాకపోకలు గాక అచట మూడు దినములు చాలును. నాలుగు చోట్లు చూచుట కంటె రెండు చోట్ల కూర్చుండుట మేలని ముందే నిశ్చయించుకొనవలెను. మొదటి దినమున కోటయు, గడీసర్ చెరువును చూచి విశ్రమింపవలెను. రెండవ దినమున ఉదయము లోద్రవకు పోయి, అచటి పార్శ్వనాథ జైనాలయమును, మూమల్ మేడ యని చూపు శిథిలములను దర్శించి, త్రోవలో పాలివాల బ్రాహ్మణులు విడిచిపోయిన కుల్‌ధరా గ్రామమును చూడవచ్చును. సాయంకాలమునకు ఇసుకతిన్నెలు చేరవలెను. ఆ రాత్రి డేరాలో గడపి, మరునాటి సూర్యోదయమును చూచి మరలవలెను.

తిన్నెలకు ప్రసిద్ధమైన చోటు సమ్. అది జైసల్మేరునకు పడమట సుమారు 40 కిలోమీటర్లు. అచట డేరాలు వరుసలు తీరియుండును. దీపములు, ధ్వనివర్ధకములు, ఆటపాటలు రాత్రి చాలసేపు సాగును. నైరుతి దెసనున్న ఖూరీ గ్రామము దానికంటె నెమ్మదియైనది. దేనిని కోరుదురో ఇరువురును ముందుగా మాటాడుకొని నిశ్చయింపవలెను. ఒకరు సందడిని, ఒకరు నిశ్శబ్దమును ఆశించి పోయి, అచట ముఖములు ముడుచుకొనుటకంటె ఇంటనుండుట మేలు. తిన్నెలపై జీపులను పరుగెత్తించు వేడుక కూడ కలదు. ఆ ప్రాంతమున 1980లో ఏర్పడిన ఎడారి జాతీయ వనమున్నది. మన కర్నూలు సీమలోని రోళ్ళపాడునకు ఒకనాడు పేరు తెచ్చిన బట్టమేక పక్షికి దేశములో మిగిలిన ప్రధానాశ్రయము ఇదియే. ఆ జాతిలో మిగిలిన పక్షులు రెండువందలకు లోపే. ఇది తెలిసినవారు యంత్రపు రొద కంటె ఒంటె నడకనే కోరుకొందురు. ఒంటె లేచునప్పుడు మొదట వెనుకకాళ్ళు నెత్తును; ఎక్కినవారు ఒక్కసారిగా ముందునకు తూలుదురు. జీనును గట్టిగా పట్టుకొని వెనుకకు వాలి కూర్చుండవలెను. మోకాళ్ళ నొప్పులు గల పెద్దవారు ఒంటెబండి నెక్కుట మేలు. ఢోలా మారూలు బండి యెక్కలేదని ఎవరును ఆక్షేపింపరు!

విడిది విషయమున ఒక మాట విశేషముగా చెప్పవలసియున్నది. జైసల్మేరు కోటలో నేటికిని జనులు కాపురముందురు. 2013లో రాజస్థానపు గిరిదుర్గములతోపాటు దీనిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. కాని అంతకు పూర్వమే, 1996లో, ఆపదలోనున్న కట్టడముల అంతర్జాతీయ పట్టికకు ఇది యెక్కెను. కారణము శత్రువు కాదు, నీరు! కడవలతో నీరు మోసికొనివచ్చి పొదుపుగా వాడుకొన్న కాలమున కట్టిన కోట అది. గొట్టముల నీరు వచ్చిన పిమ్మట, అతిథిగృహములు పెరిగిన పిమ్మట, వాడి పారబోసిన నీరు పునాదులలోనికి ఇంకి గోడలను క్రుంగదీసినది. ఎనిమిదివందల యేండ్లు ఎండకును గాలికిని చలింపని కోటను స్నానపుగదుల నీరు కదల్చుచున్నది. కావున కోటను చూడవలెను గాని విడిది మాత్రము వెలుపల చేయవలెను. ఎచట దిగినను బక్కెటు నీటితో స్నానము ముగించుట ఆ నేలకు మనము చూపు మర్యాద.

ఆ నేల మర్యాద ఎట్టిదో గడీసర్ చెరువు చెప్పును. పదునాలుగవ శతాబ్దమున గడసీ మహారావల్ బాగుచేయించిన ఆ తటాకము తరతరములు ఊరి దాహము తీర్చినది. కుల్‌ధరా పాలివాలులు ఖడీన్ అను పద్ధతిని నెలకొల్పిరి. రాతి మెరకల మీద పడిన వాన పల్లమునకు దిగుచోట మట్టికట్ట వేసి, నీటిని నేలలోనికి ఇంకనిచ్చి, ఆ తేమతోనే శీతకాలమున గోధుమ పండించెడివారు. అనుపమ మిశ్ర 1995లో వెలువరించిన హిందీ గ్రంథము రాజస్థానపు వానచినుకులను వెండిచినుకులని పేర్కొనుట ఊరకయే కాదు. దొరకిన కొంచెమును పోనీయక నిలుపుకొనుట ఆ జనుల విద్య. దాంపత్యమునకును ఇంతకంటె పనికివచ్చు విద్య లేదు.

అచటి భోజనమును గూర్చి ఒక ముచ్చట. కేర్ సాంగరీ యని ఎండబెట్టిన కాయలతో వండు కూర యొకటి సజ్జరొట్టెతో వడ్డింతురు. ఆ సాంగరీ ఖేజ్‌డీ చెట్టు కాయ. ఖేజ్‌డీ యనగా మరేమియు కాదు, మనము విజయదశమినాడు పూజించు జమ్మి! పాండవులు ఆయుధములు దాచిన చెట్టు అచట కఱవులో కడుపు నింపు చెట్టు. 1730లో ఖేజడ్‌లీ గ్రామమున ఈ చెట్లను నరుకనీయక అమృతాదేవి మొదలైన 363 మంది బిష్ణోయీలు ప్రాణములిచ్చిరి. నేడు తెలంగాణమునకును రాజస్థానమునకును రాష్ట్రవృక్షము ఇదియే. అంత దూరము పోయి మన జమ్మి నీడను కూర్చుండి తిను ముద్దకు ఒక రుచి కలదు.

చివరిది మాట. సగటు సంసారములో ఆలుమగల సంభాషణము ఎట్లుండునో ఎవరికి తెలియదు? పాలవాని లెక్క, పిల్లల మార్కులు, అత్తగారి మందులు, బడి తనిఖీ, ఇంటి అద్దె. ఇరువురును మూడవ వస్తువును గూర్చియే మాటాడుకొందురు. సంవత్సరములు గడచిన కొలది ఆ మూడవ వస్తువు నడుమ లేనిచో మాట తోచని స్థితి వచ్చును. ఉద్యోగ విరమణ జరిగి, పిల్లలు దూరదేశములకు పోయిన పిమ్మట, ఒకే యింట రెండు కుర్చీలలో నిశ్శబ్దముగా కూర్చుండు జంటలు మన ఊళ్ళలో ఎన్ని లేవు! వారికి పరస్పరము ప్రేమ లేక కాదు. మాట అడుగు అలవాటు తప్పినది. మహేంద్రుడు ఒక్క రాత్రి చేసిన పనిని వారు ముప్పది యేండ్లుగా కొంచెము కొంచెముగా చేయుచున్నారు.

ఎడారి చేయు మేలు ఇచటనే. అది మూడవ వస్తువును తొలగించును. చూచుటకు గోపురము లేదు, కొనుటకు అంగడి లేదు, నడువబోవు దారికి గురుతు లేదు. సాయంకాలము వేసిన అడుగుజాడలను తెల్లవారునప్పటికి గాలి తుడిచివేయును. మిగిలినది ప్రక్కనున్న మనిషి ఒక్కటే. పూదోటలో పూలు మాటాడును, కొలనులో అలలు మాటాడును; ఎడారిలో ఇరువురును మాటాడవలసినదే. కావుననే తిన్నెపై గడపు ఆ ఒక్క రాత్రిని కార్యక్రమములతో నింపివేయరాదు. చరవాణిని సంచిలో నుంచవలెను. మాంగణియార్ గాయకులు కమాయచా వాద్యముతో పాడుదురు. వారిని మూమల్ పాట పాడుమని కోరి, నిండుగా విని, తగిన పారితోషికమిచ్చి, దీపములకు దూరముగా కొంతసేపు కూర్చుండవలెను. అప్పుడు ఎన్నడో అడుగవలసియుండి అడుగక విడిచిన ప్రశ్న ఒకటి ఎవరికో ఒకరికి జ్ఞప్తికి రాకపోదు. అది వచ్చినప్పుడు దాటవేయకుండుటయే ఈ యాత్రకు ఫలము.

ఇరువురు మాత్రమే యాత్ర పోవుట స్వార్థమనియు, ఆ ధనముతో కుటుంబమంతయు తీర్థయాత్ర చేసి రావచ్చుననియు పెద్దలు చెప్పవచ్చును. తీర్థయాత్రకు ఎవరును అడ్డుచెప్పరు. కాని తీర్థములో ఇల్లాలు పదిమందికి వంట చేయును. గృహస్థు పదిమంది మూటలు లెక్కించును. మరల అదే యిల్లు, నేల మాత్రమే వేరు. జీవితములో ఒక్కసారి నాలుగు దినములు ఒకరికొకరు అతిథులై యుండుట స్వార్థమనిపించుకొనదు. ధనము విషయమున ఎడారి ఒక విధముగా ఉదారమైనది. చలువగదులుగల డేరా లేకున్నను వెన్నెల తగ్గదు. గ్రామములో మట్టిగోడల గది, రెండు కంబళ్ళు, ఒక ఒంటె చాలును.

మహేంద్రుడు నడచెనని చెప్పు త్రోవకు అడ్డముగా 1947లో సరిహద్దు వచ్చి నిలిచినది. నేడు ఎంత వడిగల ఒంటెయైనను అమరకోట నుండి లోద్రవకు రాజాలదు. కాక్ ఏరు ఏడాదిలో అధికభాగము ఎండియే యుండును. దాని యొడ్డున మూమల్ మేడ యని చూపునది కొన్ని రాళ్ళ గుట్ట మాత్రమే. అచటికి పోయిన దంపతులు ఆ రాళ్ళను చూచి త్వరగా తిరిగిపోరాదు. ఆ రాత్రి ఆ మేడలో ఒక్క ప్రశ్న వినబడియున్నచో ఏమి జరిగియుండునో నిలిచి ఆలోచింపవలెను. పిమ్మట ఆ ప్రశ్నలను తమతో ఇంటికి తెచ్చుకొనవలెను.